ఎస్ప్రెసో మెషిన్ కింద మడుగు: రిపేరు డైరీ

శనివారం: కంటికి కనబడినంత

మెషిన్ మూడు చోట్ల కారుతోంది. పొద్దున ఆన్ చేసిన కాసేపటికి వెనక ఎడమ కాలి కింద చిన్న మడుగు కడుతోంది. కాఫీ దిగుతున్నప్పుడు పోర్టాఫిల్టర్ (కాఫీ పొడి నింపి మెషిన్‌కి బిగించే పిడి గిన్నె) అంచు మీదుగా నీరు పొంగి, కప్పు బయటి గోడ వెంట జారుతోంది. ఇక ఏ పనీ చేయకుండా ఊరికే వేడిగా ఉన్నప్పుడు షవర్ స్క్రీన్ (కాఫీ పొడి మీద నీరు చిలకరించే చిల్లుల రేకు) నుంచి బొట్లు పడుతున్నాయి. సిట్రిక్ యాసిడ్‌తో డీస్కేలింగ్ (లోపల పేరుకున్న గార కరిగించడం) చేశాక ఈ మూడూ నా కంటపడ్డాయి. అందుకని మూడింటికీ కారణం ఒకటేనని నమ్మేయబుద్ధి అవుతుంది. నమ్మను. మూడు చోట్ల కారితే మూడు లీకులుగానే లెక్క, కాదని తేలేదాకా.

మెషిన్ లోపలి అమరిక మామూలుదే. సింగిల్ బాయిలర్: రెండు ఇత్తడి ముక్కలు, మధ్యలో ఓ-రింగ్ (నీరు కారకుండా ఆపే రబ్బరు రింగు), చుట్టూ బోల్టులు, లోపల దాదాపు 300 మి.లీ. నీరు. బాయిలర్ కిందే గ్రూప్ (పోర్టాఫిల్టర్ బిగుసుకునే తల), పక్కన కరెంటుతో తెరుచుకునే త్రీ-వే సొలెనాయిడ్ వాల్వ్. అడుగున వైబ్రేటరీ పంపు, వెనక ట్యాంకు. పంపు తర్వాత ఒత్తిడి హద్దు మీరకుండా ఓపీవీ అనే వాల్వ్ ఉంది. అది తెరుచుకుంటే మిగులు నీరు సన్నటి ట్యూబులో తిరిగి ట్యాంకుకే పోతుంది. ఇళ్లలో వాడే చిన్న మెషిన్లు చాలావాటిలో కాస్త అటూ ఇటూగా ఇవే భాగాలుంటాయి.

స్క్రూడ్రైవర్ పట్టేముందు ఒక మాట రాసి పెట్టుకుంటున్నాను. ఎక్కడ కారుతోంది అన్నది తర్వాత, ఎప్పుడు కారుతోంది అన్నది ముందు. నీరు పుట్టిన చోటే కనబడాలని లేదు. వైరు పట్టుకుని, ట్యూబు పట్టుకుని, చాసిస్ (మెషిన్ లోహపు చట్రం) మడత వెంబడి నడిచి, పల్లం దొరికిన చోట దిగుతుంది. మడుగు పైన ఏ భాగం ఉంటే దాన్ని మార్చేసి, మర్నాడు మళ్లీ మడుగు చూసి తల పట్టుకునేవాళ్లే ఎక్కువ.

ఎప్పుడు అనేదాన్ని నాలుగు స్థితులుగా విడదీశాను. మొదటిది, ప్లగ్ పీకేసి ట్యాంకులో నీళ్లు ఉండటం. అప్పుడు బరువు పడేది ట్యాంకు అడుగు వాల్వ్ మీద, అక్కణ్ణుంచి పంపు దాకా వెళ్లే సిలికాన్ ట్యూబు మీద మాత్రమే. రెండోది, పంపు నడవటం. అప్పుడు పంపు అవతలి ప్రతి జాయింటూ 9 బార్ దాకా, ఒక్కోసారి ఇంకా పైన, ఒత్తిడి మోస్తుంది. మూడోది, పంపు ఆగి ఉండి నీరు వేడెక్కుతూ ఉండటం. నాలుగోది స్టీమ్. బాయిలర్ 130 డిగ్రీల సెల్సియస్ దగ్గరుంటే గేజ్ మీద సుమారు 1.7 బార్ చూపించాలి. పంపు ఒత్తిడితో పోలిస్తే ఇది చిన్నదే అయినా, నీరు దూరని సందులోంచి ఆవిరి దూరుతుంది.

లీకు కాని లీకులను కూడా ముందే పక్కన పెట్టాలి. కాఫీ ఆపగానే బుస్సుమంటూ డ్రిప్ ట్రేలోకి పడే నీరు సొలెనాయిడ్ వాల్వ్ వదిలేది, దాని పనే అది. ప్రతి షాటుకీ అలా కొంత చేరి ట్రే నిండి పొర్లితే, ఆ మడుగు లీకులాగే కనబడుతుంది. ట్యాంకును పైదాకా నింపి మెషిన్‌లోకి తోసేటప్పుడు ఒలికిన నీరూ అంతే. ట్రే తీసి విడిగా నీళ్లు పోసి కాసేపు ఉంచాను, అతుకుల్లో చెమ్మ లేదు.

రాత్రికి ప్లగ్ పీకి, మెషిన్ కింద నాలుగు కాళ్ల దగ్గరా, ట్యాంకు కూర్చునే గూడులో ఒకటీ, మడిచిన టిష్యూ కాగితాలు పెట్టాను.

ఆదివారం: తూకం

టిష్యూలన్నీ పొడిగా ఉన్నాయి. అంటే ట్యాంకు వాల్వ్, సిలికాన్ ట్యూబు నిర్దోషులు. మొదటి స్థితి కొట్టేశాను.

ఇవాళంతా తూకం పని. కాఫీ తూచుకునే 0.1 గ్రాముల త్రాసు ఉన్నవాళ్లెవరైనా చేయగలిగేది ఇది, పైగా లీకు పట్టడానికి నాకు తెలిసిన అన్ని పనిముట్లలోకీ నిక్కచ్చి అయినది. ట్యాంకులోంచి పోయిన నీరు ఎక్కడికో అక్కడికి చేరాలి: కప్పు, పోర్టాఫిల్టర్, ట్రే. ఈ మూడింటి పెరుగుదల కలిపితే ట్యాంకు తరుగుదలకి సరిపోవాలి. సరిపోకపోతే ఆ తేడాయే లోపలి లీకు, కొంత ఆవిరి.

కాఫీ బదులు చిల్లుల్లేని బ్లైండ్ బాస్కెట్ పెట్టాను. కాఫీ పొడి ఎంత నీరు పీల్చిందన్న గొడవ ఉండదు, ఒత్తిడి పూర్తిగా పడుతుంది. ముందు చల్లటి మెషిన్ మీద: స్విచ్ వేసిన వెంటనే, హీటర్ అందుకునే లోపే, పంపు 10 సెకన్లు. ట్యాంకు 31 గ్రాములు తగ్గింది. పోర్టాఫిల్టర్‌లో 12, ట్రేలో 10. మిగతా 9 గ్రాములకు లెక్క లేదు. వెనక ఎడమ కాలి కింది టిష్యూ బరువు 7 గ్రాములు పెరిగింది, తక్కిన 2 లోపలే ఎక్కడో తడిగా ఉండిపోయి ఉంటాయి.

తర్వాత మెషిన్‌ని బాగా వేడెక్కనిచ్చి అదే పరీక్ష. ట్యాంకు తరుగు 26, పోర్టాఫిల్టర్ 12, ట్రే 13. తేడా 1 గ్రాము. కాలి కింది టిష్యూ పొడిగానే ఉంది.

ఈ రెండు వరుసలు చూశాక సగం పని అయిపోయినట్టే. వెనక మడుగు పెట్టే లీకు చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడికి కారుతుంది, వేడెక్కితే మూసుకుంటుంది. ఇలా ప్రవర్తించేది పగిలిన ట్యూబో వదులైన నట్టో కాదు, వయసైపోయిన రబ్బరు. ఇత్తడితో పోలిస్తే రబ్బరు వేడికి చాలా రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. ఏళ్ల తరబడి నలిగి చదునైన ఓ-రింగ్ చల్లబడినప్పుడు ముడుచుకుని గోడను వదిలేస్తుంది, వేడెక్కినప్పుడు ఉబ్బి మళ్లీ ఆనుకుంటుంది. మెషిన్‌ని గంటసేపు వేడి చేసి, మూత తీసి, టార్చి వేసి వెతికితే ఈ రకం లీకు దొరకదు. రిపేరుకి తీసుకెళ్తే "మా దగ్గర బాగానే ఉందండీ" అని తిప్పి పంపే కేసుల్లో కొన్ని ఇవే అయి ఉంటాయని నా అనుమానం.

ఊరికే పడే బొట్ల సంగతి సాయంత్రం చూశాను. పోర్టాఫిల్టర్ తీసేసి, గ్రూప్ కింద గ్లాసు పెట్టి కూర్చున్నాను. హీటర్ దీపం ఆరి ఉన్నంతసేపూ షవర్ స్క్రీన్ మధ్య స్క్రూ పొడిగా మెరుస్తోంది. దీపం వెలిగింది. కొన్ని సెకన్లకు స్క్రూ తల చుట్టూ చెమ్మ, తర్వాత ఒక పక్కకి ఒరిగిన బొట్టు, అది బరువెక్కి తెగిపడటం, వెంటనే ఇంకోటి. దీపం ఆరాక బొట్ల మధ్య ఎడం పెరిగి, ఆగిపోయింది. మళ్లీ వెలిగితే మళ్లీ మొదలు. గంటలో గ్లాసులో 14 గ్రాములు చేరాయి.

దీని లెక్క తేలికే. 20 నుంచి 95 డిగ్రీలకు వేడెక్కితే నీటి ఘనపరిమాణం సుమారు 3.8 శాతం పెరుగుతుంది, అంటే 300 మి.లీ. మీద 11 మి.లీ. పైచిలుకు. థర్మోస్టాట్ 85, 95 మధ్య ఊగినా ఒక్కో ఊపుకి 2 మి.లీ. పెరుగుతుంది. ఆ పెరిగిన నీటిని లోపలే పట్టి ఉంచాల్సింది మూసుకున్న సొలెనాయిడ్ వాల్వ్. అది సరిగా మూసుకోవడం లేదు కాబట్టి పెరిగినంతా గ్రూప్ వైపు జారుతోంది. బాయిలర్ చల్లబడినప్పుడు లోపల ఖాళీ ఏర్పడి, పంపు గుండా ట్యాంకులోంచి కాస్త నీరు లాక్కుంటుంది. మళ్లీ వేడెక్కి దాన్ని బయటికి తోస్తుంది. పంపు నడవకుండానే ట్యాంకు ఖాళీ అవుతుందన్న ఫిర్యాదు వెనక ఉన్నది ఇదే.

ఇంకో రోజు: మూత తీశాక

ప్లగ్ పీకాను. స్టీమ్ వాల్వ్ తెరిచి ఉన్న ఒత్తిడంతా వదిలేశాను. చేత్తో తాకగలిగేంత చల్లారాక మూత తీశాను. ముందు ఫోటోలు: ప్రతి వైరు ఏ థర్మోస్టాట్ ఏ కాలికి వెళ్తోందో కనబడేట్టు, రెండు కోణాల్లో. పసుపు-ఆకుపచ్చ ఎర్త్ వైరు బాయిలర్‌కి బిగించి ఉందా లేదా అన్నది మొదట చూడాలి. నీరు కారే మెషిన్‌లో ప్రాణం కాపాడేది అదీ, ఇంట్లోని ఎర్త్ లీకేజీ బ్రేకరూ. ఆన్ చేయగానే బ్రేకర్ పడిపోతుంటే మాత్రం అది ఈ డైరీలో చెప్పే లీకు కాదు. నీరు హీటర్ కొనల మీదికి చేరి ఉంటుంది, లేదా హీటరే లోపల చెమ్మ పట్టి ఉంటుంది. అలాంటప్పుడు తిరిగి ఆన్ చేసి చూద్దామన్న ఆలోచనే వద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఇన్సులేషన్ టెస్టు చేయించాలి.

లోపల మొదట కంటపడింది పంపు బయటి వైపు ఇత్తడి ఎల్బో (మూల తిరిగే గొట్టపు ముక్క). తడి. దాని కిందే చాసిస్ మడత, మడత చివర వెనక ఎడమ కాలు. ఎవరైనా ఎల్బో నట్టే అంటారు. అన్నీ పొడిగా తుడిచి, ఎల్బో నట్టు చుట్టూ టిష్యూ చుట్టి, బాయిలర్ అంచు మీద టాల్కం పౌడర్ సన్నగా చల్లాను. తడి తగిలిన చోట పౌడర్ నల్లబడి గీత కడుతుంది. తర్వాత చల్లటి మెషిన్ మీదే పంపు పరీక్ష, చేతులు వెనక్కి కట్టుకున్నంత దూరంలో ఉండి. మూత తీసిన మెషిన్‌కి కరెంటు ఇచ్చినప్పుడు లోపల ఏదీ తాకకూడదు, టిష్యూ జారిపోతున్నా సరే.

నట్టుకు చుట్టిన టిష్యూ పొడిగానే ఉంది. కాసేపటికి పైనుంచి ఎర్ర వైరు ఒంపు వెంట ఒక నీటి పూస దిగింది. కేబుల్ టై దగ్గర ఆగింది. వెనకే వచ్చిన ఇంకో పూస దాన్ని అందుకుంది, రెండూ కలిసి టై తోకను చుట్టుకుని ఎల్బో మీద పడ్డాయి. వైరు పట్టుకుని కళ్లతో పైకి పోతే థర్మోస్టాట్, దాని వెనక బాయిలర్ రెండు ముక్కలూ కలిసే అంచు. అక్కడ పౌడర్‌లో నల్లటి గీత. ఆ గీత మొదలైన బోల్టు చుట్టూ తెల్లటి గార, గార అంచుల్లో పచ్చటి చిలుము.

ఈ రంగులు చదవడం అలవాటు చేసుకోవాలి. తెల్లది నీరు ఆవిరయ్యాక మిగిలిన కాల్షియం కార్బొనేట్, అంటే అక్కడ చాలాకాలంగా సన్నగా ఊరుతోందన్నమాట. పచ్చది ఇత్తడిలోని రాగి తిన్న గుర్తు. నీరు కింద ఎంత దూరం పరిగెత్తినా, గార అన్నిటికన్నా పైన ఎక్కడుందో అక్కడ పుట్టిల్లు. డీస్కేలింగ్ కథ కూడా ఇక్కడే అర్థమైంది. ఓ-రింగ్ ఎప్పుడో పాడైంది, సందులో పేరుకున్న గారే ఇన్నాళ్లూ బిరడాలా పని చేసింది. యాసిడ్ దాన్ని కరిగించింది. డీస్కేలింగ్ లీకును పుట్టించలేదు, కప్పిపెట్టిన దాన్ని బయటపెట్టింది.

సొలెనాయిడ్

ఒకేసారి మూడూ విప్పితే ఏ మార్పు ఏం చేసిందో తెలియదు. ఒక్కోటి సరిచేసి, మళ్లీ తూచి, ఆ తర్వాతే ఇంకోటి. బాయిలర్ ఓ-రింగ్ కొలతలు తీసి తెప్పించాల్సి ఉంటుంది కాబట్టి ముందు సొలెనాయిడ్ పట్టుకున్నాను.

త్రీ-వే వాల్వ్‌కి మూడు దారులు: బాయిలర్, గ్రూప్, ట్రేలోకి వెళ్లే ట్యూబు. కరెంటు లేనప్పుడు బాయిలర్ దారి మూత, గ్రూప్ దారి ట్రే ట్యూబుకి కలిసి ఉంటుంది. కరెంటు రాగానే లోపలి ప్లంజర్ లేచి బాయిలర్ దారి తెరుస్తుంది, రెండో కొసతో ట్రే దారి మూస్తుంది. అందుకే రోగ లక్షణాన్ని బట్టి ఏ కొస చెడిందో విప్పకుండానే చెప్పొచ్చు. ఊరికే ఉన్నప్పుడు గ్రూప్ నుంచి బొట్లు పడితే బాయిలర్ వైపు కొస. కాఫీ దిగుతున్నంతసేపూ ట్రే ట్యూబులోంచి నీరు పోతూ, కప్పులో పడేది తగ్గితే ట్రే వైపు కొస. నాది మొదటి రకం.

పైన నట్టు తీస్తే కాయిల్ ఊడి వస్తుంది. దాన్ని పక్కన పెట్టిన స్థితిలో మెషిన్ ఆన్ చేయకూడదు, లోపల ఇనుప ప్లంజర్ లేని ఏసీ కాయిల్ ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. కాయిల్ కింద ఇత్తడి గొట్టాన్ని స్పానర్‌తో విప్పితే ప్లంజర్, స్ప్రింగ్, చిన్న ఓ-రింగ్. ప్లంజర్ కొసలో నల్లటి రబ్బరు బిళ్ల, దాని మీద వాల్వ్ రంధ్రం అచ్చు గుండ్రంగా దిగి ఉంది. ఆ గుండ్రం మీద ఒక చోట గోరు కొసంత తెల్లటి పెచ్చు గుచ్చుకుని ఉంది. డీస్కేలింగ్‌లో బాయిలర్ గోడ నుంచి ఊడి, పూర్తిగా కరగకుండా కొట్టుకొచ్చిన గార ముక్క. పళ్లపుల్లతో తీశాను. లోహపు సూది అక్కడ వాడితే రబ్బరో, రంధ్రం అంచో గీసుకుపోయి పెద్ద లీకు తయారవుతుంది. రంధ్రాన్ని సిట్రిక్ ద్రావణంలో ముంచిన దూదితో తుడిచి, మంచినీళ్లతో కడిగి బిగించేశాను.

ఫలితం: గ్రూప్ నుంచి గంటసేపు ఒక్క బొట్టూ లేదు. కానీ పొద్దున వెనక మడుగు పెరిగింది, 7 గ్రాములు పెరిగే టిష్యూ ఈసారి 12 పెరిగింది!

కంగారు పడక్కర్లేదు, ఇలా కావడమే న్యాయం. ఇంతవరకు వేడెక్కేటప్పుడు పెరిగిన నీటికి గ్రూప్ వైపు ఒక తోవ ఉండేది. ఆ తోవ మూశాం. ఇప్పుడు నీరు వ్యాకోచిస్తే బాయిలర్‌లో ఒత్తిడి పెరిగి ఓపీవీ తెరుచుకునేదాకా పోతుంది, అది కూడా ఓ-రింగ్ ఇంకా చల్లగా, ముడుచుకుని ఉన్న మొదటి నిమిషాల్లోనే. ఒక లీకు మూస్తే ఇంకోటి పెరగడం అంటే రెండూ ఒకే గదికి ఉన్న రెండు తలుపులని అర్థం. బాయిలర్ ఓ-రింగ్ మీద ఉన్న అనుమానం దీంతో రూఢి అయింది.

గ్రూప్ గాస్కెట్

పోర్టాఫిల్టర్ అంచు లీకుకి మూలం గ్రూప్‌లోని ఈ రబ్బరు గాస్కెట్, అన్నిట్లోకీ తేలిక పని. పోర్టాఫిల్టర్ పిడి ఎక్కడ ఆగుతోందో చూస్తే సగం రోగం తెలుస్తుంది. కొత్త గాస్కెట్ మీద పిడి మెషిన్‌కి లంబంగా, లేదా అంతకు కాస్త ముందే బిగుసుకుంటుంది. నాది కుడివైపు బాగా దాటిపోతోంది. కుక్కర్ గాస్కెట్ లాగే ఇదీ రోజూ వేడికి ఉడికి గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత బలంగా తిప్పినా లాభం లేదు. బలం పెంచేకొద్దీ పిడి చెవులు, గ్రూప్ అంచులు అరుగుతాయి. అవి అరిగితే కొత్త గాస్కెట్ కూడా ఆదుకోదు.

షవర్ స్క్రీన్ మధ్య స్క్రూ విప్పి స్క్రీన్ తీశాను. గాస్కెట్ గాడిలో రాయిలా ఉంది. చెక్క స్క్రూలు రెండు ఎదురెదురుగా రబ్బరులోకి దించి, పటకారుతో కొంచెం కొంచెంగా లాగితే ముక్కలుగా వచ్చింది. లోపల గాడి అడుగున కాఫీ నూనె, పొడి కలిసి గడ్డకట్టిన నల్లటి పొర. దాన్ని పూర్తిగా తీయకుండా కొత్తది పెడితే అది ఒక పక్క ఎత్తుగా కూర్చుని మొదటి రోజు నుంచే కారుతుంది. ఇత్తడి బ్రష్షుతో, వేడినీళ్లతో గాడి మెరిసేదాకా తోమాను.

కొత్తది 8 మి.మీ. మందం. గ్రూపులు కాస్త అరిగినవాటికి 8.5 కూడా దొరుకుతుంది, ముందు అసలు మందమే వేసి చూడాలి. ఏటవాలు అంచు ఉన్న రకమైతే ఆ అంచు పైకి, గ్రూప్ వైపుకి ఉండాలి. వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, వేలితో చుట్టూ నొక్కి, బాస్కెట్ లేని పోర్టాఫిల్టర్‌తో పైకి ఒత్తి కూర్చోబెట్టాను. అంచు కారడం ఆగింది.

బాయిలర్

ఇక అసలు పని. నీరంతా తీసేసి, వైర్లు ఒక్కోటి ఊడదీసి కాగితపు చీటీ కట్టి, బాయిలర్‌ని బయటికి తెచ్చాను. బోల్టుల్లో గార పట్టిన ఒక్కటి కదలలేదు. అలెన్ కీ మీద బలం వేస్తే తల గుండ్రంగా అరిగిపోతుంది, లేదా మెత్తటి ఇత్తడి మరలు బోల్టుతో పాటు ఊడి వస్తాయి. బాయిలర్ అంచు మీద మరిగే నీళ్లు పోసి, ఇత్తడి వ్యాకోచించాక ముందు బిగించే వైపు పిసరంత, తర్వాత విప్పే వైపు, అలా అటూ ఇటూ ఆడిస్తే వచ్చింది. తాగే నీళ్లు పోసే పాత్రలో తుప్పు వదిలించే నూనె స్ప్రేలు నాకు ఇష్టం లేదు. పైగా ఆ నూనె ఈపీడీఎం రబ్బరును ఉబ్బగొడుతుంది.

పాత ఓ-రింగ్ బయటికి వచ్చింది. గుండ్రంగా ఉండాల్సిన కోత ఒక పక్క బల్లపరుపుగా, ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో ఉంది. వంచితే పైన సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి. చిలుము పట్టిన బోల్టుకి ఎదురుగా ఉన్న భాగమే ఎక్కువ పలచబడింది.

కొత్తదానికి కొలతలు పాత రింగు నుంచి తీసుకోకూడదు, అది ఎప్పుడో సాగి నలిగి అసలు రూపు పోగొట్టుకుంది. గాడి నుంచి తీయాలి. వెర్నియర్‌తో చూస్తే గాడి లోతు 2.4 మి.మీ. రింగు మందం 3 మి.మీ. అయితే 0.6 నలుగుతుంది, అంటే 20 శాతం. కదలని జాయింటుకి అది సరైన నలుగుడు. రబ్బరు రకం విషయంలో రాజీ లేదు: ఈపీడీఎం. వేడినీటికీ ఆవిరికీ 150 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. నైట్రైల్ 100 డిగ్రీల దగ్గరే త్వరగా గట్టిపడుతుంది. పొడి వేడికి సిలికాన్ మంచిదే గానీ ఒత్తిడిలో ఉన్న ఆవిరికి నీరసిస్తుంది. వైటాన్ ఖరీదైనది కాబట్టి గొప్పదనుకుంటారు, దాని మామూలు రకాలు నూనెలకు వీరులు, వేడినీటికి కావు.

రింగు వచ్చేలోపు అంచులు శుభ్రం చేశాను. మందపాటి గాజు పలక మీద సన్న గరుకు కాగితం పరిచి, నీళ్లు చల్లి, బాయిలర్ అంచును ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్దాను. మొదట ఎత్తుగా ఉన్న చోట్లే మెరిశాయి, చిలుము తిన్న చోట నల్లటి గుంట మిగిలింది. ఇంకాసేపటికి గుంట చాలావరకు పోయి, మెరుపు చుట్టూ ఒకే తీరుగా వచ్చింది. అడుగున పేరుకున్న గార రేకుల్ని కూడా ఇదే అదనుగా సిట్రిక్‌లో నానబెట్టి తీశాను. ఇత్తడి కాబట్టి సరే. అల్యూమినియం బాయిలర్ అయితే ఆమ్లంలో ఎక్కువసేపు ఉంచకూడదు, లోహం నల్లబడి గుంటలు పడుతుంది.

బిగింపు, ఓపీవీ

రింగుకు ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాశాను. వాజ్‌లైన్ చేతికి అందుబాటులో ఉంటుంది గానీ అది పెట్రోలియం, ఈపీడీఎంకి శత్రువు. బోల్టులన్నీ ముందు వేళ్లతో, తర్వాత ఎదురెదురు జంటలుగా పావు చుట్టు చొప్పున. చుట్టూ వరుసగా బిగిస్తే ఒక పక్క ముందే కరుచుకుని, రెండో పక్క రింగు గాడిలోంచి జారుతుంది. రెండు ఇత్తడి ముక్కలూ తగిలాక ఇంకాస్త, అంతే. లీకు ఆపేది రింగు, బోల్టు బలం కాదు.

టెఫ్లాన్ టేపు గురించి కూడా రాయాలి. థర్మోస్టాట్ మరలకి, నట్టు ఫిట్టింగులకి, కనబడిన ప్రతి దానికీ టేపు చుట్టే అలవాటు చాలామందికి ఉంది. ఏటవాలు మరలకి టేపు పనిచేస్తుంది. వాషర్ మీదో, లోహపు కోన్ మీదో ఆనుకుని మూసుకునే జాయింటుకి టేపు వల్ల ఒరిగేదేమీ లేదు, ఊడిన పోగు మాత్రం నేరుగా సొలెనాయిడ్ రంధ్రంలోకి పోతుంది.

నింపేటప్పుడు స్టీమ్ వాల్వ్ తెరిచి, అక్కణ్ణుంచి గాలి పోయి నీరు ధారగా వచ్చేదాకా పంపు నడిపాను. బాయిలర్ నిండకుండా హీటర్ వెలిగితే నిమిషాల్లో థర్మల్ ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగోకపోతే హీటరే పోతుంది.

ప్రెషర్ గేజ్ ఉన్న పోర్టాఫిల్టర్ పెట్టి చూస్తే ముల్లు 13 బార్ దాటింది. ఇదొక్కటీ అనుకోనిది. వైబ్రేటరీ పంపులు ప్రవాహం ఆగితే 15 బార్ దాకా తోయగలవు, హద్దు పెట్టాల్సింది ఓపీవీయే. కాఫీకి 9 చాలు, ఆ పైనదంతా రబ్బర్ల మీద పడే అనవసర భారం. ఓపీవీ స్క్రూను కొంచెం కొంచెంగా వదులు చేస్తూ, ప్రవాహం లేనప్పుడు 10 చూపించేలా పెట్టాను. కాఫీ దిగేటప్పుడు అది 9కి దగ్గరగా ఉంటుంది. పంపును ఇలా మూసిన దారి మీద ఒక్కోసారి 10 సెకన్లకు మించి నడపలేదు, మధ్యలో చల్లారనిచ్చాను.

మళ్లీ తూకం

చల్లటి పరీక్ష: ట్యాంకు తరుగు 21, పోర్టాఫిల్టర్ 12, ట్రే 9. తేడా సున్నా. వేడి పరీక్షలో 0.4 గ్రాములు, అది షవర్ దగ్గర లేచే ఆవిరే. మూత పెట్టే ముందు బాయిలర్ అంచు చుట్టూ టిష్యూ చుట్టి, చల్లటి స్థితి నుంచి స్టీమ్ దాకా మొత్తం నడిపించాను. కాగితం పొడి. వైర్లను మళ్లీ కట్టేటప్పుడు ఆ ఎర్ర వైరును మాత్రం పంపు పైనుంచి కాకుండా పక్కనుంచి తిప్పి, మధ్యలో కిందికి ఒక ఒంపు ఉంచాను. రేపెప్పుడైనా పైన ఊరితే నీరు ఆ ఒంపు దగ్గరే, కరెంటు భాగాలకు దూరంగా రాలుతుంది.

గార మళ్లీ పట్టకుండా నీరు మార్చాను: లీటరు డిస్టిల్డ్ నీటికి 0.1 గ్రాము పొటాషియం బైకార్బొనేట్. కాల్షియం లేదు కాబట్టి గార రాదు, బైకార్బొనేట్ ఉంది కాబట్టి నీరు ఆమ్లం వైపు తిరిగి ఇత్తడిని తినదు. ఒట్టి డిస్టిల్డ్ నీరు వాడటం నాకు సమ్మతం కాదు. నీటి మట్టాన్ని కరెంటుతో పసిగట్టే మెషిన్లలో దానికి విద్యుత్తు సరిగా పారదు, ట్యాంకు నిండుగా ఉన్నా లేదనుకుంటుంది.

ఇక మిగిలింది నాలుగో లీకు, స్టీమ్ పైపు. తూకాల్లో ఇంతవరకు దాని జాడ లేదు, ఎందుకంటే అది స్టీమ్ స్థితిలోనే కారుతుంది, అదీ రెండు మూడు నిమిషాలకు ఒక బొట్టు చొప్పున. నాబ్ కింద, దాని కడ్డీ దగ్గర పొడిగానే ఉంది. అంటే చెడింది కడ్డీ ఓ-రింగ్ కాదు, లోపల వాల్వ్ కూర్చునే చోటు. దానికి కావలసిన సీటు రబ్బరు ఇంకా రాలేదు. వచ్చేదాకా నాబ్‌ను రెండు వేళ్లతో మాత్రమే మూయాలని ఇంట్లో అందరికీ చెప్పాను. బొట్టు ఆగట్లేదని గట్టిగా తిప్పితే సూది ఇత్తడి సీటులో గాడి కోస్తుంది, అప్పుడు రబ్బరుతో పోయేది మొత్తం వాల్వ్ మార్చేదాకా వస్తుంది.